పాలపుంతలో నల్ల మచ్చ

మా పక్కింటి అంకుల్ పోయిన మంగళవారం వెళ్లిపోయారు. డ్యూటీ దిగి ఇంటికి వస్తుంటే ఆంటీ ఫోన్ చేసి, “అంకుల్ లేవట్లేదమ్మా” అంది. నర్సును కదా, వెళ్లి ఆయన చెయ్యి పట్టుకోగానే తెలిసిపోయింది. అయినా ఆ చల్లబడ్డ చేతిని వదల్లేకపోయాను.

ఐర్లండులో మేముండే ఊరు అత్లోన్‌లో వైద్య పరికరాలు చేసే ప్లాంటులో ఆయన ఇంజనీరు. పిచ్చి మాత్రం ఆకాశం మీద. ఎప్పుడూ మబ్బు పట్టి ఉండే ఈ దేశంలో ఆ పిచ్చి పట్టినవాడికి ఎంత ఓపిక కావాలో మీరే ఆలోచించండి! టెలిస్కోపు, ఫ్లాస్కులో అల్లం టీ కారులో పెట్టుకుని, నన్నూ మా అమ్మాయినీ ఎక్కించుకుని ఊరి బయటికి వెళ్తే మబ్బులు. “వాటికీ షిఫ్ట్ ఉంటుందమ్మా, అయ్యేదాకా ఆగుదాం” అనేవారు. “ఎదురుగా ఉన్న నేను కనపడను గానీ, ఎక్కడో ఉన్న చుక్క కనపడుద్ది ఈయనకి” అని ఆంటీ దెప్పేది.

ఓ అక్టోబరు రాత్రి మబ్బులు నిజంగానే డ్యూటీ దిగాయి. నెత్తిమీద పాలపుంత, దాని నడుమ నిడుపాటి నల్ల మచ్చ. “ఈజ్ దట్ అ హోల్, అంకుల్?” అంది మా అమ్మాయి, ఇక్కడి పిల్లల యాసలో.

“కన్నం కాదు తల్లీ, దుమ్ము. వెనకున్న చుక్కల వెలుగుని మన కంటిదాకా రానివ్వట్లా” అంటూ, అదే చోటును మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో తీసిన ఫోటో ఫోనులో చూపించారు. అమ్మో! ఖాళీ అనుకున్న చోట ఇసుక పోసినట్టు నక్షత్రాలు.

అది చాలదన్నట్టు, చెత్తకు వాడే నల్ల సంచి తీసి అందులో చెయ్యి పెట్టారు. మాకేమీ కనపడలేదు. వేడిని చూసే చిన్న కెమెరాను ఫోనుకు తగిలించి చూస్తే, సంచి అడ్డమే లేనట్టు అయిదు వేళ్లూ వెలుగుతున్నాయి. మా పిల్ల కేక పెట్టింది.

“ఈ కంటికి కనపడలా, అంతే. లేదని మాత్రం అనమాక” అన్నారు.

ఆనాటి నుంచి చీకటి నాకు ఖాళీగా అనిపించడం లేదు. అది అంకుల్ పెట్టిన భిక్షే.

ఆంటీని ఓదార్చడానికి చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక అయిపోయి, సంఘం వాళ్లంతా వెళ్లిపోయినా ఆంటీ మెతుకు ముట్టలేదు. మనిషి ఏమైపోతుందోనని నాకు భయం పట్టుకుంది. నిన్న మధ్యాహ్నం ఆయన బట్టలు చారిటీ షాపుకివ్వడానికి నల్ల సంచుల్లో సర్దుతున్నాను. మా అమ్మాయి అంకుల్ కెమెరా వెతికి తెచ్చి నా ఫోనుకు తగిలించింది. ఆంటీ ఎడమ చెయ్యి పట్టుకుని ఖాళీ సంచిలోకి దించి, తన చెయ్యి కూడా పెట్టి, ఫోను ఆమె ముందుకు తిప్పింది.

ఆంటీ తెరమీదికి వంగి చూసింది. “ఈ పిచ్చి నీక్కూడా అంటించి పోయారా మీ అంకుల్?” అని బావురుమంది.

నేను పప్పన్నం కలిపి తెచ్చాను. ఎడమ చెయ్యి సంచిలోంచి తియ్యకుండానే తింది. ఫోను తెరమీద ఓ పెద్ద చెయ్యీ, ఓ చిన్న చెయ్యీ ఒకదాన్నొకటి పట్టుకుని వెలుగుతూనే ఉన్నాయి.