ఉడుకు నీళ్లు వినడానికి భద్రాచలం దాటి

పార్సిల్ చట్నీకి దారం కట్టేవాళ్ల మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఇడ్లీలతో ఇచ్చే ఆ చిన్న ప్లాస్టిక్ సంచి మూతికి అంత గట్టిగా దారం ఎందుకు చుడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. విప్పబోతే విడిపోదు, లాగితే తెగదు, పళ్లతో కొరికితే మాత్రం చట్నీ మొత్తం ఒకేసారి విడుదలవుతుంది. ఆదివారం ఉదయం ఏడున్నరకు ఖమ్మం బస్టాండులో అది నా చొక్కా మీద విడుదలైంది. నల్ల చొక్కా. బ్యాండ్ పాటలకు వెళ్లేవాళ్లు నలుపు వేసుకుంటారని ఎవరో చెబితే దీనికోసమే కొన్నది.

"మంచిగైంది," అంది మా అమ్మాయి హారిక. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ ఉదయం నాతో ఆమె అన్న మొదటి మాట అదే కాబట్టి నేను సంతోషించాను.

ఈ ప్రయాణం ఎందుకో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి. ఆయనకు బోనకల్‌లో మైక్ సెట్ ఉండేది. పెళ్లిళ్లకూ జాతరలకూ ఓట్లకూ అద్దెకిచ్చేవాడు. హారన్ కట్టి పాట పెట్టాక దాని దగ్గర ఒక్క నిమిషం నిలబడేవాడు కాదు. పొలం గట్టు మీద నడుచుకుంటూ పోయి, మాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేంత దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, పాట బాగుందో లేదో అక్కడ తేల్చేవాడు. దగ్గర నుంచి వింటే ఏ పాటైనా బాగానే ఉంటుందని ఆయన నమ్మకం. ఇంట్లోనూ అంతే. రేడియో వంటింట్లో మోగేది, మేం వాకిట్లో వినేవాళ్లం. లోకంలో మిగతావాళ్లు పాటలు ఇంకోలా వింటారని నాకు డిగ్రీలో హాస్టల్‌కు వచ్చాక తెలిసింది. ఒకడు నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాడు. పాట కాదు, ఎవరో మనిషే తలలోకి దూరినట్టనిపించి పీకేశాను.

హారికకూ అదే అలవాటైంది. కొత్త పాటను ఫోన్‌లో పెట్టి, ఫోన్‌ను వంటింటి గట్టు మీద వదిలి, తను బాల్కనీలోకి వచ్చేది. పాట అక్కడిదాకా నడిచివస్తే ఉంచేది, రాకపోతే తీసేసేది. ఈ పరీక్షలో సినిమా పాటలు చాలావరకు తప్పాయి. ఏ సినిమాకూ పాడకుండా, సొంతంగా పాటలు కట్టుకుని నెట్‌లో పెట్టుకునే చిన్న చిన్న బ్యాండ్లు గట్టెక్కాయి. ఎందుకో నాకు తెలియదు, నేను కామర్స్ లెక్చరర్‌ను. గట్టెక్కిన ప్రతి పాటనూ ఆమె నాకు పంపేది. అలా వచ్చిందే 'ఉడుకు నీళ్లు' అనే బ్యాండ్. కొత్తగూడెం కుర్రాళ్లు ముగ్గురు, పాడే అమ్మాయిది పాల్వంచ.

నాకు అది కొంచెం నచ్చింది. స్టాఫ్ రూములో చెప్పాను. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. ఇస్త్రీ చేసే అతనికి పంపాను. తరుగుదల పాఠం తొందరగా అయిపోయిన రోజు మిగిలిన పది నిమిషాలు క్లాసులో వినిపించాను. ఆ పాఠం ఈ ఏడాది తొందరగానే అయిపోతూ వచ్చింది.

రెండు నెలల కిందట హారిక నాకు పాటలు పంపడం మానేసింది. అడిగితే "ఏం లేదు నాన్నా" అంది. బాల్కనీలోకి రావడం మానేసి ఇయర్‌ఫోన్లు కొనుక్కుంది. సిగరెట్లు మొదలుపెట్టినా నేనంత కంగారు పడేవాణ్ని కాదేమో. ఈ వయసు పిల్లలు అంతేనని మా ఆవిడ అంటుంది. కావచ్చు. కానీ మా ఇద్దరి మధ్య మాటలన్నీ ఇన్నేళ్లూ ఆ పాటల మీదుగానే నడిచాయి. అవి ఆగిపోతే "తిన్నావా", "చదివావా" తప్ప మాకు మిగిలేదేమీ లేదు. అందుకే ఉడుకు నీళ్లు వాళ్లు చర్ల రోడ్డులో, అడవి అంచున ఒక మామిడితోటలో పాడుతున్నారని తెలియగానే మూడు పాసులు తీసుకున్నాను. మూడోది నాన్నకు. నాతో ఒక్కతే అంటే హారిక రాదేమోనని భయం. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఇల్లు కదిలేటప్పుడు మా ఆవిడ ఇచ్చిన సలహా ఒక్కటే: "అక్కడ డ్యాన్స్ మాత్రం చెయ్యకు."

ఎనిమిదింటికి భద్రాచలం ఎక్స్‌ప్రెస్ దొరికింది. నాకూ నాన్నకూ టికెట్లు. హారిక ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. నాన్నకు ఇది నచ్చలేదు.

"ఆడోళ్లకు ఫ్రీ. డెబ్బై ఏండ్లు దాటిన ముసలోనికేమో పైసలా?"

"నన్నేం జెయ్యమంటవ్ తాతా? ఈసారి చీర కట్టుకొని రా," అంది కండక్టరమ్మ. చుట్టూ నాలుగు సీట్లు నవ్వాయి. హారిక కూడా నవ్వింది. నవ్వింది నా వైపు చూసి కాదు, అయినా లెక్కలో వేసుకున్నాను.

ముగ్గురి సీటులో ఆమె కిటికీ దగ్గర, నాన్న మధ్యలో, నేను అంచున. దారిలో నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. పాటతో గొంతు కలపకూడదు. ఏ పాట ఎందుకు గొప్పదో వివరించకూడదు. "ఎలా ఉంది?" అని అడగకూడదు. పదింటికి కొత్తగూడెంలో బస్సు ఆగితే, నాన్నకు టీ, హారికకు బజ్జీలు తెచ్చాను. "వాళ్ల డ్రమ్మర్ వాళ్లది ఇక్కడే, క్వార్టర్స్‌లో," అన్నాను. అది వివరించడం కిందికి రాదనుకున్నాను.

"తెలుసు నాన్నా," అంది. నియమాల్లో ఇంకొకటి చేర్చుకున్నాను.

పాల్వంచ దాటాక టేకుచెట్లు, బొగ్గు లారీలు, మళ్లీ టేకుచెట్లు. పదకొండున్నరకు గోదావరి వంతెన దాటి భద్రాచలంలో దిగాం. గుడికి వెళ్లకుండా పాటలకు పోతే ఊళ్లో ఏమంటారని నాన్న నిలదీయడంతో దర్శనం చేసుకున్నాం. లైను ముప్పావు గంట. కోరుకునే సమయం వచ్చేసరికి నా కోరిక బ్యాండ్లకు సంబంధించినదని చెప్పుకోవడానికి కొంచెం మొహమాటపడ్డాను. బస్టాండు దగ్గర మెస్సులో భోజనం బాగుంది. పప్పు రెండోసారి అడక్కుండానే వేశారు.

రెండింటికి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్‌కు అనుమానాలున్నాయి.

"గా తోటల ఏందన్నా ఇయ్యాల? పొద్దుగాల నుంచి పోరగాండ్లే పోతున్నరు. పెండ్లా?"

"పాటలు."

"పెండ్లి లేదు, ఓట్లు లేవు, ఉత్తగ పాటలా?"

"అవ్, ఉత్తగనే," అన్నాడు నాన్న, నాకంటే ముందుగా, అదేదో తనే పెట్టించినట్టు.

మామిడితోట చివర సన్నటి వాగు, వాగు అవతల అడవి. తోట యజమాని కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మనిషి. గేటు దగ్గర ప్రతి ఒక్కరికీ విడిగా చెబుతున్నాడు. "ఐదున్నరకల్లా అయిపోవాలండీ. చీకటి పడితే ఎలుగులు వాగు దిగుతాయి. మొన్న ఒకటి మా పాలేరును తరిమింది."

ఎలుగుబంట్ల గురించి నేను ఇంటి దగ్గర ఆలోచించలేదు. ఆ క్షణం నుంచి ఆలోచించడం ఆపలేదు.

మూడున్నరకు జనం వందలోపే ఉన్నారు. అందులో ఎనిమిది మంది నా క్లాసు వాళ్లు. "సార్ వచ్చిండు రోయ్!" అని అరిచారు. కాలేజీలో నేను కనిపిస్తే వాళ్లెప్పుడూ ఇంత సంతోషించలేదు. వాళ్లలో రాకేశ్ అనేవాడు హారికకు కుర్చీ వేసి, మర్యాదగా మాట కలిపాడు.

"మీకు ఈ బ్యాండ్ తెల్వకపోవచ్చు. మా సారే కనిపెట్టిండు. మేమంత సార్ చెప్పినంకనే ఇన్నం."

"అవునా," అంది హారిక.

అంతే అంది. నేను సరిదిద్దబోయేలోగా డ్రమ్స్ మొదలయ్యాయి. డ్రమ్స్ నిజంగానే మొదలయ్యాయి, కావాలంటే రాకేశ్‌ను అడగండి.

రెండో పాట అయ్యాక పాడే అమ్మాయి మైకు పట్టుకుని, "ఖమ్మంలో మా గురించి అందరికీ చెప్పే సార్ ఒకరున్నరంట కదా, వచ్చిండ్రా?" అంది. ఎనిమిది మంది నన్ను ముందుకు తోశారు. సరిదిద్దుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదనిపించింది. మైకు తీసుకుని, "నాకు ఈ బ్యాండ్ గురించి చెప్పింది మా అమ్మాయి, అదిగో అక్కడ," అని చెయ్యి చూపించాను. వందమంది తలలు తిప్పారు. అక్కడ ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని పక్కన నాన్న కుర్చీ కూడా ఖాళీగా ఉంది. కుర్చీకి చప్పట్లు కొట్టారు.

ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. నీళ్ల డ్రమ్ము దగ్గర లేరు, మూత్రశాలల దగ్గర లేరు. తోట యజమానిని అడిగితే, "పెద్దాయనా, పాపా వాగు వైపు పోయారండీ. ఇంకా టైముందిలెండి, నాలుగున్నరే," అన్నాడు. ఎలుగుబంట్లు గడియారం చూసుకుని వస్తాయని ఆయనకున్న నమ్మకం నాకు లేకపోయింది. మామిడిచెట్ల మధ్య పరుగెత్తాను. ఎండుటాకుల మీద నా అడుగుల చప్పుడే వెనక నుంచి ఇంకెవరో వస్తున్నట్టు వినిపించింది. కంచె దాటుతుంటే నల్ల చొక్కా తీగకు పట్టుకుని కొంచెం చిరిగింది. హారికా అని పిలిచాను. రెండోసారి పిలిచినప్పుడు ఆ గొంతు నాదిలా లేదు.

వాగు ఒడ్డున ఇద్దరూ ఉన్నారు. పక్కపక్కన, తోటకు వీపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని. కాస్త అవతల మేకల్ని తోలుకుపోతున్న ఒకావిడ కూడా ఆగి వింటోంది. ఆవిడ నన్ను చూసి, అరవొద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"డప్పు మంచిగ వస్తంది," అంటున్నాడు నాన్న. డ్రమ్స్ అన్నీ ఆయనకు డప్పే. "పిల్ల గొంతే ఈడిదాంక వస్తలేదు."

"ఇందాకటి పాటల వచ్చింది తాతా. చివర్ల. నువ్వు దగ్గుతున్నవ్ అప్పుడు."

"అవ్, అది వచ్చింది. దానికి మార్కులెయ్యి."

ఇన్ని మాటలు ఆమె నోట విని రెండు నెలలైంది. నేను ఆయాసం తీర్చుకుని, హారికకు రెండోపక్క నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆమె నా చిరిగిన చొక్కా వైపు చూసి, కొంచెం జరిగి చోటిచ్చింది. తర్వాతి పాట చెట్లలోంచి వచ్చింది. మాటలు అరిగిపోయి, రాగం మాత్రం మిగిలింది. వాగు మీద ఎండ వాలుతోంది. ఇంత బాగున్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఫోన్ తీసి రికార్డు చేశాను. క్లాసు గ్రూపుకూ అపార్ట్‌మెంట్ గ్రూపుకూ పంపబోతే సిగ్నల్ లేదు. సిగ్నల్ కోసం ఒడ్డు మీద అటూ ఇటూ నడిచాను. తిరిగి వచ్చేసరికి పాట అయిపోయింది.

ఐదున్నరకు ముందే అందరూ బయటపడ్డాం. ఎలుగులు రాలేదు. భద్రాచలంలో ఏడింటి బస్సు సగం ఖాళీగా దొరికింది. ఇలాంటి పాటలకు అటువైపు వెళ్లాలనుకునేవాళ్లకు నా అనుభవంతో చెప్పేది ఇది: నీళ్లు తీసుకెళ్లండి, తిరుగు ఆటోను ముందే మాట్లాడి పెట్టుకోండి, నల్ల చొక్కా అవసరం లేదు. ముందు వరుసలో చప్పుడెక్కువ. వాగు ఒడ్డున నిలబడితే అసలు పాట దొరుకుతుంది. మొత్తం మీద రోజు బాగా గడిచిందని, వంతెన మీద నుంచి గోదావరిని చూస్తూ నేను లెక్క వేసుకున్నాను.

పాల్వంచ దగ్గర హారిక లేచి, తన ఫోన్‌ను మూడు వరుసల ముందు ఖాళీ సీట్లో పెట్టి, తిరిగొచ్చి తాత పక్కన కూర్చుంది. ఇయర్‌ఫోన్లు సంచిలో ఉన్నాయి. బస్సు చప్పుడులోంచి ఒక పాట నెమ్మదిగా మా దాకా వచ్చింది. నేనెప్పుడూ వినని గొంతు, ఏదో తీగవాద్యం. నాన్న నిద్రలోనే తల ఊపాడు.

"వచ్చింది," అన్నాను. "ఇక్కడిదాకా వచ్చింది. ఎవరు వీళ్లు? బ్యాండ్ పేరేంటి?"

హారిక నా ముఖం వైపు చూడలేదు. నా చేతిలోని ఫోన్ వైపు చూసింది. అది ఎప్పుడు నా చేతిలోకి వచ్చిందో నాకు తెలియదు.

"పేరు చెప్పను. పాట మొదలుకాంగనే ఎవరికి పంపాల్నా అని చూస్తవ్ నాన్నా. నువ్వు వినేదెప్పుడు?"