పేర్లు లేని ప్రార్థన

ఆ వేసవిలో రెండు దేశాలు యుద్ధానికి సిద్ధమవుతుంటే, మెయిన్‌ల్యాండ్‌కి దూరంగా, దీవుల్లో ఉన్న మా డాలీగంజ్ తెలుగు చర్చి వాటికన్నా ముందే సిద్ధమైంది. టీవీలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ వీసాలు రద్దు చేసుకున్నారు, రాయబార కార్యాలయాల సిబ్బందిని ఇంటికి పంపుకున్నారు, ఒకరి విమానాలకు ఒకరు ఆకాశం మూసుకున్నారు. మాకు మూసుకోవడానికి ఆకాశం లేదు కాబట్టి ఆదివారం ప్రార్థన దగ్గర తగువు పెట్టుకున్నాం.

తగువు చిన్నదే. రోడ్ల శాఖలో రిటైరైన మా సంఘపెద్ద, దేశ విజయం కోసం ప్రార్థించాలన్నాడు. స్త్రీల సమాజం అధ్యక్షురాలు, ఒకప్పటి హెడ్‌మిస్ట్రెస్, శాంతి కోసమే ప్రార్థించాలంది. పాస్టరుగారు ఇద్దరినీ విడివిడిగా కలిసి, "మీరన్నదే నిజం" అన్నారు. టీవీలో పెద్ద దేశాలు కూడా అదే పని చేస్తున్నాయి గనక ఎవరూ తప్పుపట్టలేదు.

ప్రార్థన రాసే పని నా మీద పడింది. కారణం భక్తి కాదు. మా కుర్రకారు తెలుగు గడగడా మాట్లాడతారు, రాయమంటే మాత్రం పక్కవాడి మొహం చూస్తారు. నేనేమో సర్కారు ఆఫీసులో గుమాస్తాని. ఎవరికీ కోపం రాకుండా కాగితం రాయడంలోనే నా సర్వీసంతా గడిచింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మాయి మిలిటరీ నర్సు. సరిహద్దుకు దగ్గర్లో ఒక ఊళ్ళో ఆస్పత్రి. ఆ నెల సెలవు మీద ఇంటికి రావాల్సింది, సెలవులన్నీ రద్దయ్యాయి. రోజుకోసారి ఫోన్ చేసి, "పప్పా, సబ్ ఠీక్ హై, అన్నం తిన్నాను" అనేది. వార్డులో అదనపు మంచాలు వేస్తున్నారని ఒకసారి నోరుజారింది. అది విన్నాక నాకు భయం పట్టుకుంది. మామూలు భయం కాదు, స్నానం మధ్యలో సబ్బు చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయే భయం. మా ఆవిడతో అనలేదు. ఆవిడా నాతో అనలేదు. దౌత్యం మా ఇంట్లో కూడా బాగానే నడిచింది.

మొదటి విడత చర్చలు షాదీపూర్‌లో మా ఇంట్లోనే.

"శత్రువుల కోసం కూడా ప్రార్థించమని వాక్యం చెప్తోంది కదా బ్రదర్," అంది హెడ్‌మిస్ట్రెస్.

"చేద్దాం సిస్టర్, ఎవరు వద్దన్నారు? పహలే వాళ్ళని ఓడిపోనివ్వండి, బాద్ మే చేద్దాం," అన్నాడు సంఘపెద్ద. "జంగ్లీఘాట్‌లో చేపల భయ్యా చెప్పాడు, హార్బర్‌లో నేవీ షిప్పు ఒక్కటీ నేదంట, అన్నీ ఎల్లిపోనాయంట. ఏటనుకుంతన్నారు మీరు?"

ఆ రోజుల్లో మా రక్షణ సమాచారమంతా చేపల గంప దగ్గర నుంచే వచ్చేది.

చర్చలు విఫలమయ్యాయి. సంఘపెద్ద, తన కొడుకు చర్చికి కొనిచ్చిన కీబోర్డును రిపేరు పేరు చెప్పి ఇంటికి పట్టుకుపోయాడు. దానికి జవాబుగా స్త్రీల సమాజం ఆరాధన అయ్యాక ఇచ్చే టీ ఆపేసింది. కీబోర్డు లేకుండా పాడగలం గానీ టీ లేకుండా మావాళ్ళు ఉండలేరు. సోమవారానికల్లా రెండో విడత మొదలైంది.

ఈసారి దారి దొరికింది. ఈ వారం ప్రార్థనలో శాంతి ముందు, విజయం వెనక. వచ్చే వారం విజయం ముందు, శాంతి వెనక. అప్పటిదాకా యుద్ధం మాకోసం ఆగుతుందా అని ఎవరూ అడగలేదు.

ఇక మిగిలింది పేర్లు. మా దీవుల్లో ఎవరు ఓడెక్కుతున్నా, ముందు ఆదివారం వాళ్ళని నిలబెట్టి, పేరు పెట్టి ప్రార్థించి పంపడం ఆనవాయితీ. దూరాన ఉన్న పిల్లల్నీ అలాగే పేరు పెట్టి తలుచుకుంటాం. సంఘపెద్ద, నేవీలో ఉన్న తన మనవడి పేరు ముందుండాలన్నాడు. ఒకావిడ తన అల్లుడి పేరంది. అల్లుడు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ. "అది మాత్రం డ్యూటీ కాదేటి?" అని ఏడ్చింది. వరుస ఎలా పెట్టాలన్న మాట మీద వ్యవహారం మళ్ళీ కీబోర్డు దాకా వచ్చింది.

అప్పుడు నేను కలం తీసి ఒక వాక్యం రాశాను: వ్యక్తుల పేర్లు చేర్చరాదు.

అందరూ ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు. పాస్టరుగారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. గర్వంగా అనిపించింది, దాచుకోను. మా ఆవిడ ఖాళీ కప్పులు తీస్తూ నా వైపు చూసింది. పంచదార తక్కువైందేమోనని అడగడానికి చూస్తోందనుకున్నాను.

ఆదివారం రాకముందే దాడులు మొదలయ్యాయి. మా తీర్మానం చూసి మొదలుపెడదామని రెండు వైపులా ఎవరికీ తోచలేదు. అయినా నేను నిలబడి చదివాను. నాయకులు, సైన్యం, సరిహద్దు ప్రజలు, మెయిన్‌ల్యాండ్ నుంచి సరుకు తెచ్చే ఓడలు, డీజిలు, ఏదీ వదల్లేదు. అందరూ ఆమేన్ అన్నారు. కీబోర్డు తిరిగొచ్చింది. టీ కూడా వచ్చింది, రెండో కప్పు అడిగినవాళ్ళకి రెండో కప్పు.

మధ్యాహ్నం అమ్మాయి ఫోన్ చేసింది. వెనక ఎవరో గట్టిగా పిలుస్తున్నారు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు.

"పప్పా, కేసులు వస్తున్నాయి. మళ్ళీ ఎప్పుడు చేస్తానో తెలీదు. ఈరోజు చర్చిలో నా పేరు చెప్పారు కదా?"

"హాఁ బేటా, చెప్పాం," అన్నాను.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"నేదమ్మా. మీ పప్పా చెప్పనేదు. అందరి దగ్గరా మంచోడు అనిపించుకోడానికి నీ పేరు తీసేశారు. ఉండు, ఇప్పుడు చెప్తారు," అని స్పీకర్ నొక్కి ఫోన్ నా మొహం ముందు పెట్టింది.

"జల్దీ, పప్పా," అంది అమ్మాయి.

కళ్ళు మూసుకున్నాను. అంత పొడుగు ప్రార్థన రాసినవాడికి బిడ్డ పేరొక్కటే నోట్లోకి వచ్చింది. అదే అన్నాను, మళ్ళీ అన్నాను. లైను కట్టయిందని మా ఆవిడ భుజం తట్టి చెప్పాక కూడా అంటూనే ఉన్నాను.