శుక్రవారం కట్టిన ఇల్లు

పోయిన ఫిబ్రవరి నెల రెండో శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు, సౌదీల హాయిల్ పట్నం అవతల ఒక పల్లెల మేం కట్టిన ఇల్లు చూస్తందుకు ముసలామె వచ్చింది. ఆ ఇల్లు ఆమెదే. ఆమెది, ఆమె కోడలిది, కోడలి ముగ్గురు పిల్లలది. కొడుకు లారీ బోల్తా పడి పోయినంక వాళ్లు చుట్టాల ఇంటి వెనక ఒక్క అర్రల తలదాచుకున్నరు. ఆ చుట్టాల పిలగానికి పెండ్లి కుదిరింది. అర్ర కొత్త జంటకు కావాలె. తెల్లారి శనివారం వీళ్లు ఖాళీ చెయ్యాలె. అందుకే ఆ దినం అందరం తొందర మీద ఉంటిమి.

నేను మేస్త్రీని. జగిత్యాల దిక్కోన్ని. ఈ దేశంల ఎన్ని గోడలు పెట్టిన్నో లెక్క లేదు, అన్నీ జీతానికి పెట్టిన గోడలే. ఈ ఒక్క ఇల్లు ఊరికె కట్టిన. దానమని అనుకోకున్రి. నాకు శుక్రవారం గడవకపోతుండె, అందుకు పోయిన.

మా అర్రల ఒకప్పుడు ఆరుగురం ఉంటిమి. శుక్రవారమంటె బట్టలు పిండుడు, కూర వండుడు, ఇండ్లకు ఫోన్లు, కూరల ఉప్పెక్కువైందని ఒకన్నొకడు తిట్టుకునుడు. కంపెనీల పని తగ్గింది. ఒక్కొక్కడు ఎగ్జిట్ వీసా కొట్టించుకొని ఇంటికి పోయిండు. యాభై దాటినంక నాకు అక్షరాలు నేర్పినోడు గూడ పోయిండు. బియ్యం సంచి మీది పేరు చదివిస్తుండె, తప్పు చదివితే అన్నం పెట్టనంటుండె. ఇప్పుడు ఆరు మంచాలున్నయి, నేనొక్కన్ని ఉన్న. ఖాళీ మంచాల మీద బట్టలు ఆరేసుకుంట.

ఇంటికి పొమ్మంటరు. పోయి ఏం చెయ్యాలె? నా భార్య పోయింది. బిడ్డలు ఎవలింట్ల వాళ్లు ఉన్నరు. పెద్ద బిడ్డకు ఫోన్ చేస్తే "బాపూ, తిన్నవా?" అంటది. తిన్న అంట. అటెన్క ఫోన్‌ల ఆమె ఇంటి మిక్సీ చప్పుడు వింటుంట.

మిగిలిన దినాలు పనిల ఎవడో ఒకడు తిడుతడు, పిలుస్తడు. శుక్రవారం ఎవ్వరు పిలువరు. పొద్దూకినంక దుకాణంల రొట్టె అడిగితే నా గొంతు నాకే ఎవలిదో అనిపిస్తుండె.

అట్లున్నప్పుడు మా దిక్కు డ్రైవర్ ఒకడు వచ్చిండు. నలభై దాటినోడు, నోరు ఊకుండదు.

"కాకా, ఒక సౌదీ సార్ ఉన్నడు. బడిల పంతులు. శుక్రవారం శుక్రవారం నలుగురిని జమచేసి లేనోళ్లకు ఇల్లు కడుతున్నడు. మేస్త్రీ దొరకలేదట. పైసలు రావు. వస్తవా?"

"తిండి పెడుతరా?"

"కోడి పెట్టిన బువ్వ. పళ్లెం నిండ."

"పా మరి."

"గింత జల్ది ఒప్పుకున్నవు, పిల్లనిస్త అంటె గూడ ఒప్పుకునేటట్టున్నవు."

నన్ను పనికి పెట్టుకున్న కఫీల్‌ను ఆ పంతులే పోయి అడిగిండు. శుక్రవారం వాని ఇష్టం అన్నడట. అట్ల చలికాలమంత శుక్రవారాలు అక్కడ్నే గడిచినయి. పునాది తీసినం, బ్లాకు పెట్టినం, స్లాబు పోసినం. పొద్దున్నే పంతులు పోదం పా అని ఫోన్ చేస్తుండె. "యా హజ్జీ, యల్లా!" నేను హజ్జీని కాదయ్యా, హిందువునని ఎన్నిసార్లు చెప్పినా నా తెల్లగడ్డం చూసి అట్లనే పిలుస్తుండె. ఆ ఫోన్ వచ్చేసరికే నేను బూట్లు తొడుక్కొని మంచం మీద కూసుంటుంటి.

ఇల్లు లేస్తున్న కొద్ది నాకు రంది పట్టుకున్నది. ఇల్లు అయిపోతే ఆ ఫోన్ అయిపోతది. ఇంకో ఇల్లు కడుదమని పంతులు అంటున్నడు గని దానికి జాగనే దొరకలేదు. ఈ ఇల్లు ఎప్పుడైతదని వాళ్లు చూస్తున్నరు, ఎప్పుడు కావద్దని నేను చూస్తున్న. పనైతే మంచిగనే చేసిన. చెడగొట్టుడు నాకు చేతగాదు.

ఆ దినం ముసలామె అర్రలన్నీ తిరిగింది. నిండ నల్ల ముసుగు, చేతులే కనబడుతయి. వంటర్ర గోడ మీద అరచెయ్యి పెట్టి రాసింది. నున్నగున్నదని తల ఊపింది. నాకు ఛాతి ఉబ్బింది. అటెన్క హమ్మామ్ తలుపు తీసింది. స్నానం, లెట్రిన్ అన్నీ ఆ ఒక్క అర్రలనే. తీసి నిలబడ్డది. లోపల కాలు పెట్టలే. తలుపు మెల్లగ దగ్గరికేసి పంతులుతోని ఏదో అన్నది. పంతులు పోయి చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు.

మాతోని ప్లంబర్ ఒకడుండె, పాకిస్తాన్ మనిషి. ఎప్పుడు నవ్వుతనే ఉంటడు. వాడు పోయి చూసి నవ్వలే. వాడు ఉర్దూల, నేను నాకచ్చిన హిందీల మాట్లాడుకుంటం.

"చాచా, ఈ లెట్రిన్ సీటు పెట్టిందెవరు?"

"నేనే. ఏమైంది? లెవల్ తప్పిందా?"

"లెవల్ బరాబర్ ఉన్నది. దిక్కే తప్పింది."

"దిక్కెట్ల తప్పుతది? దారం కట్టి ఉత్తర దక్షిణాలు పెట్టిన. మా ఊర్ల ఎవలింట్లనన్న అట్లనే పెడుతరు. తూర్పు పడమర పెడితే ఇంటామె చీపురు తీస్తది."

"మంచిది. మక్క ఎటున్నది చెప్పు."

దక్షిణం దిక్కు చెయ్యి చూపించిన. హాయిల్‌ల వాళ్లు నమాజుకు అటే తిరుగుతరు, ఏండ్ల సంది చూస్తనే ఉన్న. చెయ్యి లేపినంక నాకు సమజైంది. ఆ సీటు మీద కూసున్న మనిషికి మక్క దిక్కు మొఖమన్న ఉంటది, వీపన్న ఉంటది. రెండూ వాళ్లకు కూడదు. చెయ్యి దించిన.

అంతకు ముందు శుక్రవారం ప్లంబర్‌కు జ్వరమొచ్చి రాలే. పైపులు వేసి పెట్టే ఉండె. సీటు నేను, డ్రైవర్ కలిసి కూసోబెట్టినం. మా ఇద్దరి తలకాయలల్ల మా ఊరి వాస్తు తప్ప ఇంకోటి లేకపాయె. దారం పట్టుకొని డ్రైవర్ ఎంత సంబరపడ్డడు! "బరాబర్ ఉత్తరం పెట్టు కాకా, ముసలామెకు పొద్దుగాల్నే కుబేరుని దర్శనం అయితది" అన్నడు. ఇప్పుడు నా చెవుల "కుబేరుడు మునిగిండు కాకా" అన్నడు.

"నోర్ముయ్" అన్న.

పంతులు నా దగ్గరికి వచ్చిండు. కోపం చేస్తే నాకు బాగుండు. చెయ్యలే. "హజ్జీ, ఎన్ని దినాలు పడుతది?" అని అడిగిండు.

జవాబు నా నోట్లకు దానంతట అదే వచ్చింది. సీటు పెకిలించాలె, పైపు తిప్పాలె, మళ్ల కాంక్రీటు పొయ్యాలె, తడపాలె, ఆరాలె. వచ్చే శుక్రవారం దాకా కాదు అంటే అయిపోతది. మేస్త్రీ మాటను కాదనేటోడు అక్కడ ఎవడున్నడు? ఇంకో శుక్రవారం పొద్దున ఫోన్ మోగుతది. అడగకుండనే చేతుల పడ్డట్టు పడ్డది.

ముసలామె గోడకు ఆనుకొని నా నోటి దిక్కు చూస్తున్నది. లెట్రిన్ లేని ఇంట్లకు ఇద్దరు ఆడోళ్లు ఎట్ల దిగుతరు? చుట్టూ ఇసుక. చెట్టు చాటన్న లేదు. అక్కడ చుట్టాల అర్ర ఖాళీ చేసి సామాను ఎక్కడ పెడుతరు?

"అల్ యౌమ్" అన్న. ఈ దినమే.

"చాచా, ఎట్లయితది?" అన్నడు ప్లంబర్.

"తొందరగ గట్టిపడే సిమెంటు బస్తా నీ బండిల ఉన్నది. తే. ఎట్లయితదో అటెన్క అడుగు."

సీటు పగలకుండ తియ్యాలె. పగిలితే శుక్రవారం మధ్యాహ్నం ఏ దుకాణం తెరిచి ఉండదు. డ్రైవర్ సుత్తె పట్టుకొని వచ్చిండు.

"నువ్వు ముట్టకు. నీ దర్శనాలు చాలు."

"ఎంత కోపం కాకా! సీటు తిరిగితే నీ మొఖం గూడ తిరిగింది."

నేనొక్కన్నే మోకాళ్ల మీద కూసొని సీటు చుట్టు మెల్లమెల్లగ సెక్కిన. సిమెంటు గట్టిగ పట్టింది. నేను పెట్టిందే, పట్టదా? సీటు నిండుగ బయటికి వచ్చినంక ప్లంబర్ నేల మీద పడుకొని పైపు తిప్పిండు. పంతులు కాళ్ల దాకా ఉండే తెల్లటి తోబు పైకి చెక్కుకొని సిమెంటు మాలు కలిపిండు. నీళ్లెక్కువ పోసిండు. అరబ్బీ తిట్లు నాకు కొన్ని వచ్చు, అందుల చిన్నది చూసి తిట్టిన. ఆయన పకపక నవ్వి ఇంకింత సిమెంటు వేసిండు. సీటు తూర్పు పడమర కూసోబెట్టి, మూలమట్టం చూసి, మీద చెక్క పరిచిన. రాత్రి ముట్టకుంటె చాలు, తెల్లారి నడుస్తది.

"మన ఊర్ల ఇట్ల పెడితే నిన్ను మళ్ల పనికి పిలువరు కాకా" అన్నడు డ్రైవర్.

"మన ఊర్ల నన్ను పిలిచేదెవడురా."

వాడు ఒంగి సెక్కిన పెచ్చులు ఏరుడు మొదలుపెట్టిండు.

పొద్దు వాలినంక ముసలామె వచ్చి చూసింది. ఈసారి లోపల కాలు పెట్టింది. బయటికి వచ్చి నన్ను చూపించి ప్లంబర్‌ను ఏదో అడిగింది. వాడు నాతోని, "దేవుడు నిన్ను సల్లగ చూడాలె అంటున్నది చాచా" అన్నడు. మంచోడు. ఆమె అడిగింది అది కాదు. ఇన్నేండ్లు వింటున్న, ఆ మాత్రం అరబ్బీ నాకు తెలుసు. ఇతనికి ఇంటోళ్లు లేరా, అన్ని శుక్రవారాలు ఇక్కడ్నే ఉంటడు అని అడిగింది.

"ఉన్నరు" అని ఆమెకే చెప్పిన. "బయీద్." దూరం అని.

ముసుగుల మొఖం ఎట్లున్నదో నాకేం తెలుసు.

అంతల కోడలు, పిల్లలు మొదటి మూటలు పట్టుకొని వచ్చిన్రు. మగోళ్లం బయటికి నడిచినం. లోపలి నుంచి ఎవలో తలుపుకు పరద కట్టిన్రు. నా తాపీ హమ్మామ్‌లనే మరిచిపోయిన. తెచ్చుకుందమని అడుగు వేసిన. డ్రైవర్ నా రెక్క పట్టుకున్నడు.

"ఇగ పోవద్దు కాకా. ఆడోళ్లు దిగిన్రు."

నిజమే. గడియ కింది దాకా ఆ ఇంట్ల నేను పోని మూల లేదు. ఇప్పుడు పరద అవతల ఏ అర్రల ఏం పెడుతున్నరో నాకు తెలువదు. తెలువొద్దు గూడ. అది ఇల్లు అయింది. పంతులు కేకేసి చెప్పిండు. కాసేపటికి పరద కింది నుంచి ఒక చెయ్యి తాపీని బయటికి జరిపింది. కడిగి ఇచ్చింది.

నన్ను దింపేటప్పుడు పంతులును "వచ్చే శుక్రవారం?" అని అడిగిన. "పండుకో హజ్జీ, అలిసినవు. జాగ దొరికితే ఫోన్ చేస్త" అన్నడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. జాగ ఇంక దొరకలే.

ఆ ఇంటి మీద ఎవలు కట్టిన్రని ఎక్కడ రాసి లేదు. రాయకున్నా మంచిదే. నాకు యాది ఉన్నప్పుడే ఇక్కడ రాస్తున్న. ఆ శుక్రవారం అక్కడ ఉన్నోళ్లు: మాలు కలుపుడు రాని పంతులు, ఆమె ఒకటడిగితే నాకు ఇంకోటి చెప్పిన పాకిస్తాన్ ప్లంబర్, మా దిక్కు డ్రైవర్, ఇంటామె ముసలామె, చెయ్యి తప్ప నేను చూడని ఆమె కోడలు, చిన్నోని చెయ్యి పట్టుకున్న ఇద్దరాడపిల్లలు, ఆ చిన్నోడు, ఇగ నేను.