గంజి గురించి దొర రాసిన పేరా

నాంపల్లిలో మేము పాస్టరు చదువు చదివిన సెమినరీలో రోజూ పొద్దున్నే ఇంగ్లీషు పఠనం క్లాసు ఉండేది. మాలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్లం, ఉర్దూలో చదువుకున్నవాళ్లం. పోలీసు చర్య తర్వాత ఉర్దూ పక్కకు జరిగింది. పెద్ద పుస్తకాలేమో అన్నీ ఇంగ్లీషులోనే. బురదలో దిగబడ్డ ఎద్దుల్లా ఒక్కో వాక్యం దగ్గర ఆగిపోయేవాళ్లం. సార్ కోస్తా నుంచి వచ్చినవాడు, ఓపికస్తుడు. దొరల ఇళ్లలో గోడకు నిప్పుగూడు ఎందుకుంటుందో, చలిదేశాల్లో గొర్రెల్ని ఇంట్లోకి ఎందుకు తోలుకుంటారో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేవాడు. పేరా చదివించాక రెండే ప్రశ్నలు అడిగేవాడు. రాసినాయన ఏమంటున్నాడు? దానికి నువ్వేమంటావు? మొదటిదానికి జవాబు చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. రెండోది నాకు దండగ ప్రశ్న. అచ్చులో పడ్డ మాటకు, అదీ దొర రాసిన మాటకు, నేను ఎదురు చెప్పడమేమిటి?

ఒకరోజు మా జిల్లాలో తిరిగిన ఒక దొర రాసిన పాత పుస్తకం చదివించాడు. కరువులో కూలివాళ్లు గంజి కోసం మిషను బంగళాకు వచ్చారనీ, గంజి దొరికినన్నాళ్లు ప్రార్థనలు చేశారనీ, విశ్వాసమంటే ఏమిటో వాళ్లకు తెలియదనీ అందులో ఉంది. నేను లేచి గడగడా చదివి అర్థం చెప్పాను.

"నువ్వేమంటావు?" అన్నాడు సార్.

"నిజమే సార్."

ఆయన వదల్లేదు. "అలాంటివాళ్లను నువ్వెరుగుదువా?"

మా బాపు ఆ గంజి తాగి బతికిన పిల్లవాడు. ముంత పట్టుకుని ఆ బంగళా ముందు నిలబడ్డవాడు. ఆ సంగతి మా నానమ్మ చెప్పిందే తప్ప, బాపు ఎన్నడూ నోరెత్తలేదు. ఇప్పుడు మా ఊళ్లో ఆదివారం ప్రార్థన నడిపేది ఆయనే. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత ఒక్కటే నాకప్పుడు గుర్తొచ్చింది. "ఎరగను సార్" అన్నాను, తప్పుల్లేని ఇంగ్లీషులో. సార్ పేజీ తిప్పాడు.

ఆ వారమే బాపు నన్ను చూడ్డానికి రైల్లో వచ్చాడు. సంచి నిండా సీతాఫలాలు, భుజాన గొంగడి. ఆబిడ్స్ చూపిస్తానని తీసుకెళ్లాను. అద్దాల దుకాణాల ముందు ఆయన ఆగి ఆగి చూస్తుంటే నేను ముందుకు నడిచాను, చూసేవాళ్లు మమ్మల్ని ఎవరికి వారే అనుకోవాలని. తలుచుకుంటే ఇప్పటికీ చెంపలేసుకోవాలనిపిస్తుంది.

హాస్టలు వరండాలో కూర్చున్నాక నా పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చూశాడు. ఆ దొర పుస్తకంలో బంగళా ఫోటో ఉంది. దానిమీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"గిది మన దిక్కు బంగ్ల గాదు బిడ్డా?"

"ఔ బాపు."

"మనోళ్ల గురించి ఏం రాసిండు దొర? జర సదువు."

ఇంగ్లీషులో చదివాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత "తెలుగుల జెప్పు" అన్నాడు.

"ఎంత కష్టమొచ్చినా దేవుణ్ణి ఇడువని మనుషులని రాసిండు" అన్నాను, పేజీ మీది నుంచి తల ఎత్తకుండా. బాపు ఒక సీతాఫలం విప్పి సగం నా చేతిలో పెట్టాడు.

మర్నాడు నాంపల్లి స్టేషన్లో రైలెక్కించాను. కిటికీ పక్కన కూర్చున్నాడు. గార్డు ఈల వేశాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"గంజికొచ్చినోళ్లని రాసిండేమో అనుకుంటి బిడ్డా. నేను గంజికే పోయిన. గా సిగ్గు ఎన్నడు ఎవలకు జెప్పలె. నువ్వు సదివినంక మనసు అల్కగైంది. గది మీ సార్‌కు గూడ సదివి ఇనిపియ్యి."

బండి కదిలింది. నా అబద్ధంతో ఆయన సిగ్గు తీరింది. ఆ సిగ్గంతా వచ్చి నా నెత్తిన కూర్చుంది.

"అట్లనే బాపు" అన్నాను. సార్‌కు చదివి వినిపించడం ఎప్పుడో అయిపోయింది.