వన్ మేడమ్ సర్టిఫికెట్లు

మా తోడికోడలు నాకంటే పెద్దది, అందుకని అక్క అంటాను. ఆవిడ ఇంగ్లీషు చెప్పే కోచింగ్ సెంటర్లో పిల్లలు మాత్రం ఆవిణ్ణి ‘వన్ మేడమ్’ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకసారి ఆవిడ బోర్డు మీద బద్ధకస్తుడి గురించి ఒక వాక్యం రాస్తూ ముందు బెంచీలోని పిల్లవాడి పేరు పెట్టింది. మర్నాడు వాడి తండ్రి వచ్చి మెట్ల మీదే రంకెలు వేశాడు. డైరెక్టరుగారు అప్పటికప్పుడు ఆర్డరు వేశారు. ఇకమీదట బోర్డు మీద ఎవరి పేరూ ఉండకూడదు, ‘నేను’, ‘నువ్వు’ కూడా వద్దు, అందరికీ వర్తించేలా ‘వన్’ అనే రాయాలి. ఎవరినీ అనకుండానే అందరినీ అనేసే సర్వనామం ఇంగ్లీషులో ఉందని తెలిసి ఆయన మొహం వెలిగిపోయిందట.

అక్క ఆ పాఠం బాగా చెప్పేది. ‘వన్’తో ఎత్తుకున్న వాక్యాన్ని ‘వన్స్’తోనూ ‘వన్‌సెల్ఫ్’తోనూ నడిపించాలి, సగం దారిలో ‘యు’లోకి దిగిపోతే మార్కులు పోతాయి. “వన్ షుడ్ కీప్ వన్స్ ప్రామిస్” అని రాసి ‘వన్స్’ కింద చాక్‌పీసుతో గట్టిగా గీత గీసేది. కింద టైర్ల షాపులో గాలి కొట్టే మిషన్ మోత ఆగేదాకా ఆగి, మళ్ళీ అందరిచేతా చదివించేది.

చిక్కేమిటంటే ఆ అలవాటు ఆవిడ వెంట ఇంటికి కూడా వచ్చేసింది. ఇంట్లో ముందునుంచే ఉందేమో, చెప్పలేను. మా అత్తగారు ఏం చెప్పాలన్నా “కోడళ్ళన్నాక…” అనే మొదలుపెడతారు. అక్కకు తలనొప్పి వస్తే, “ఎవరైనా కాసిని మంచినీళ్ళిస్తే బావుండు” అనేది. ఎవరైనా అంటే ఎవరు లేస్తారు? అందరూ టీవీ చూస్తూ కూర్చునేవారు. నేనే విసుక్కుంటూ లేచేదాన్ని.

అలాంటి మనిషికి ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి చేరాలి, లేకపోతే ఆ పోస్టు తర్వాతివాళ్ళకు పోతుంది. సర్టిఫికెట్లేమో డైరెక్టరుగారి బీరువాలో ఉన్నాయి. ఎవరు చేరినా ముందు ఒరిజినల్స్ తీసుకుని తాళం వేయడం ఆ సెంటరు పద్ధతి. టీచర్లు చెప్పాపెట్టకుండా మానేయకుండా ఉండటానికట.

అక్క ఆయన గదిలోకి వెళ్ళి ఏమడిగిందో తెలుసా?

“సార్, ఎవరికైనా సర్టిఫికెట్లు అవసరమైతే ఇస్తారా?”

ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు. “ఎవరికైనా ఇస్తామమ్మా. వాళ్ళ బదులు ఒకరు రావాలి, అంతే.”

“థాంక్యూ సార్” అని చెప్పి వచ్చేసింది మహాతల్లి.

ఆ సాయంత్రం కూరలు తరుగుతూ, “బీఎడ్ చేసినవాళ్ళు ఎవరైనా దొరికితే పనైపోతుంది” అంది, కత్తిపీటకు చెబుతున్నట్టు. ఇంట్లో ఆవిడ తర్వాత బీఎడ్ చేసింది నేనొక్కదాన్నే. నా సర్టిఫికెట్లు నా పెట్టెలో, కొత్త వాసన పోని ఫైల్లో ఉన్నాయి. నేనూ మంచి స్కూళ్ళకు అప్లికేషన్లు పెడుతున్నాను. మా ఆయన నావంక చూశాడు. బావగారు కూడా చూశారు. “ఇంట్లో మనుషులుండగా బయటివాళ్ళెందుకు?” అన్నారు అత్తగారు. నన్ను వెళ్తావా అని అడిగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఎవరైనా అంటే ఎవరక్కా? అలా అంటే ఎవరూ రారు. కావాల్సింది నీకు. నా మొహం చూసి నన్నడుగు.”

అక్క చేతిలో కూర పక్కన పెట్టి నావైపు తిరిగింది.

“నాకా ఉద్యోగం కావాలే. అక్కడ నాకు ఊపిరాడటం లేదు. నువ్వు నా బదులొస్తావా? ఒక్క ఏడాది. ఆ తర్వాత ఎలాగోలా నిన్ను నేనే బయటికి తెస్తా.”

అంతసేపు తన గురించి తాను మాట్లాడగా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. పాపం అనిపించింది. సరేనన్నాను.

మర్నాడు డైరెక్టరుగారు బీరువా తెరిచి ఆవిడ ఫైలు తీసి, ఆ ఖాళీలో నాది పెట్టి తాళం వేశారు. అక్క మెట్లు దిగుతూ నవ్వింది, ఏడ్చింది కూడా. నేను పైనే ఉండిపోయాను.

ఇప్పుడు అక్క మాటే వేరు. “హెడ్‌మాస్టారితో నేను ఖచ్చితంగా చెప్పేశాను” అంటుంది. “నాకు మంచినీళ్ళు కావాలి” అంటే ఇంట్లో ఇద్దరు లేస్తారు. నాకు సంతోషమే, కానీ కోపం లేదంటే అబద్ధం. ఏడాది ఎప్పుడో దాటిపోయింది. ఆ మాట గుర్తుచేస్తే, “మర్చిపోలేదే, చూస్తూనే ఉన్నా. ఆ సెంటరంటేనే ఎవరూ రామంటున్నారు” అంటుంది. రారు మరి, తెలిసి తెలిసి ఎవరొస్తారు?

మొన్న నేను అప్లై చేసిన స్కూలువాళ్ళు ఫోన్ చేశారు. ఒరిజినల్స్‌తో సోమవారం రమ్మన్నారు. ఆదివారమంతా అద్దం ముందు నిలబడి వల్లెవేశాను. “సార్, నా సర్టిఫికెట్లు నాకు కావాలి.” అక్కకు అంత బాగా నేర్పిన నాకు ఇదో లెక్కా అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే టైర్ల షాపు మోత ఆగేదాకా మెట్ల మీద ఆగి, తలుపు తట్టి లోపలికి వెళ్ళాను. ఆయన తల ఎత్తలేదు. బీరువా తాళంచెవి ఆయన మోచేతి పక్కనే ఉంది. ఆయన కాదంటే ఇంకెవరినీ అడిగే దారి లేదని అప్పుడు తోచింది.

“సార్, ఎవరికైనా సర్టిఫికెట్లు అవసరమైతే…” అన్నాను.

“ఇస్తామమ్మా. వాళ్ళ బదులు ఒకరు రావాలి, అంతే.”

“థాంక్యూ సార్” అని చెప్పి, చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయాను. నేను గడప దాటుతుండగా వెనక బెంచీలోంచి ఎవరో, “ఒరేయ్, వన్ మేడమ్ వచ్చింది” అన్నారు.