తగ్గాక కూడా రమ్మన్న డాక్టర్‌బాబు

బెంగాల్లోని షాలిమార్‌లో మా వీధికి మందులిచ్చిన డాక్టర్‌బాబు పోయారని మొన్న పొద్దున కబురొచ్చింది. నది అవతల భవానీపూర్‌లో, సొంతింట్లో, నిద్రలోనే పోయారట. ఆ మాట చెప్పగానే అమ్మ పొయ్యి ఆర్పేసి "నానూ ఒస్తాను" అంది. నేను నమ్మలేకపోయాను. మా అక్క చావుకి ఆయనే కారణమని వీధంతా అనుకునేది. ఆ మాట ఆయన నోటివెంటే విన్నాం మరి.

ఆయన బెంగాలీ. గూడ్స్ యార్డు పక్కన చిన్న గదిలో రోగుల్ని చూసేవారు. రేవు పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మా కుటుంబాల దగ్గరే తెలుగు నేర్చుకున్నారు కనుక, "ఏటైనాది? నోరు తియ్యి" అని మా యాసలోనే అడిగేవారు. చలికాలంలో నాలుక మీద పెట్టే చెంచాని ముందు అరచేతిలో పట్టుకుని వెచ్చచేసేవారు. కరెంటు పోతే టార్చిలైటు పళ్లతో కరిచిపట్టి గొంతు చూసేవారు. మేం నవ్వితే కళ్లతోనే కసిరేవారు.

మా అమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్ల కాలో చెయ్యో తగిలితే పట్టేసిన నడుమూ మెడా వదులుతాయని మావాళ్ల నమ్మకం. మూటలు మోసి నడుం పట్టేసినవాళ్లంతా మా వాకిట్లో బోర్లా పడుకునేవారు. అమ్మకి అదొక గౌరవం. అక్క కాలేజీలో చేరిన ఏడు దానికి గొంతు నొప్పి వచ్చింది. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే తగ్గింది కూడా. కొన్నాళ్లకి వణుకుతో జ్వరం, మెడకి ఒకపక్క వాపు. మెడ పట్టేసిందనుకుని అమ్మ ఆముదం వెచ్చచేసి రోజూ రుద్దింది. ఊపిరి తీస్తే ఛాతీలో పోటంటూ అక్క ఏడ్చాక గాని ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. కబురు తెలిసి డాక్టర్‌బాబు కూడా అక్కడికి పరుగెత్తుకొచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. అక్క మళ్లీ ఇంటికి రాలేదు.

మానిందనుకున్న గొంతులోని జబ్బు లోలోపల మెడలోని పెద్ద రక్తనాళానికి పాకిందట. అక్కడ రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ముక్కలై ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందట. రుద్దితే గడ్డ విరుగుతుందని ఆసుపత్రిలో ఎవరో అన్నారు. ఇంక వీధి వీధంతా అమ్మ చేతులకేసి చూసింది. నాన్న అమ్మ చేతి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

చిన్నదినం నాడు డాక్టర్‌బాబు వచ్చారు. వాకిట్లో అందరి ముందూ నిలబడి, "ఆ పిల్ల ముందుగాల నా కాడికే ఒచ్చినాది. గవదబిళ్లలని సెప్పి పంపేసినాను. తప్పు నాది" అన్నారు.

ఆ పూట నాన్న అమ్మ చేతి నీళ్లు తాగాడు. మా వీధివాళ్లు మాత్రం చాలాకాలం ఆయన గడప తొక్కలేదు. ఎదురుపడితే ఆయనే ఆగి "గొంతు బాగున్నాదా?" అని అడిగేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పట్నించీ పక్కవీధుల వాళ్లెవరు గొంతు నొప్పితో వచ్చినా ఆయన మందిచ్చి, "తగ్గాక కూడా రా. తగ్గినాదని సెప్పడానికే రా" అనేవారు. ఇదేం చాదస్తమని నవ్వుకునేవారు. కొన్నేళ్లకి మా వీధి నుంచి తెగించి వెళ్లిన పక్కింటి కోడలు, అలా చెప్పడానికి మళ్లీ వెళ్లబట్టే బతికింది. గొంతు నొప్పి తగ్గిందంటూనే ఆ అమ్మాయి కుర్చీలో వణికిపోతోందట, మెడ ఒకపక్క ముట్టుకోనివ్వలేదట. "ఎవులూ మెడ మీద సెయ్యెయ్యకండి" అని ఆయనే టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మెడకి స్కానింగు తీసేదాకా అక్కణ్ణించి కదల్లేదు. గడ్డ కనిపించింది. వారాల తరబడి సూదిమందులిచ్చారు. అప్పట్నించీ వీధి మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లింది, మా ఇల్లు తప్ప.

మొన్న భవానీపూర్ వెళ్తుంటే ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి టాక్సీ ఆగిపోయింది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే మొదలుపెట్టింది.

"మీ అక్క ఆయన గదికి ఎప్పుడెల్లినాదిరా? నానెల్లనిస్తే కదా. నా సెయ్యుండగా దాక్తరెందుకన్నాను. ఆయన దాన్ని ఆస్పత్రిలోనే సూసినాడు. నా సెయ్యే సంపేసినాదా బాబూ అనడిగినాను. 'సెప్పలేనమ్మా, ఎవులూ సెప్పలేరు' అన్నాడు. మరి సిన్నదినం నాడొచ్చి ఆ మాటన్నాడు. నాను నోరిప్పనేదు."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన బతికుండగా ఈ మాట నాకు తెలిసి ఉంటే, ఒక్కసారైనా వెళ్లి ఎదురుగా కూర్చునేవాణ్ణి.

ఇంటి నిండా జనం. డాక్టర్‌బాబు పక్కనే ఆయన భార్య చాప మీద కూర్చుని ఉన్నారు. అమ్మ నిలబడే, వచ్చీరాని బెంగాలీలో, అందరికీ వినబడేలా చెప్పింది: తన కూతుర్ని ఆయన ముందుగా చూడనే లేదని, తప్పు ఆయనది కాదని, ఇన్నాళ్లూ తాను చెప్పలేదని.

ఆయన భార్య తలెత్తి అమ్మకేసి చూశారు.

"తెలుసు దీదీ," అన్నారామె బెంగాలీలోనే. "ఆ రోజే ఇంటికొచ్చి నాకు చెప్పారు."

చాప మీద కాస్త పక్కకి జరిగి, అమ్మకి చోటిచ్చారు.