తెర పోయిన ల్యాప్‌టాప్‌లో లైన్‌మన్ డైరీ

యేసుబాబు ముప్పై రెండేళ్లు టెలిఫోన్ లైన్‌మన్‌గా పనిచేసి 2008లో రిటైరయ్యాడు. నారాయణఖేడ్ నుంచి కంగ్టి, మనూర్, కల్హేర్ వైపు పోయే తీగల్లో ఆయన చెయ్యి పడనిది లేదు. ఎక్కడ ఫోన్ మూగబోయినా సైకిల్‌కు నిచ్చెన కట్టుకుని బయలుదేరేవాడు.

చదువు పదో తరగతితో ఆగినా యంత్రాలంటే ఆయనకు మహా ఇష్టం. 1997లో ట్రైనింగ్‌కు హైదరాబాద్ వెళ్లి, పాత సామాన్ల బజారులో ఒక ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చాడు. ఇటుకంత మందం, నలుపు తెలుపు తెర. మౌస్ లేదు, ఆదేశాలు టైపు చేస్తేనే కదిలే డాస్ యంత్రం. ఒక్కో డాస్ ఆదేశం కాగితం మీద రాసుకుని నేర్చుకున్నాడు. రోజూ సాయంత్రం ఆనాటి పని గురించి నాలుగు ముక్కలు తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాడు. ఆరేళ్లకు తెర నల్లబడింది. ఫ్లాపీ డ్రైవ్ అంతకుముందే పోయింది. బాగుచేసేవాళ్లు దొరక్క గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

2010 ఎండాకాలం సెలవుల్లో కోడలు క్రిస్టీనా అటక దులుపుతూ దాన్ని కిందికి దించింది. ఆమె బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది. వైరస్‌ల బాధ పడలేక ఇంట్లో కంప్యూటర్‌కు విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించింది కూడా ఆమే.

“మామా, దీని ఎనక వైరు పెట్టే సీరియల్ పోర్టు ఉన్నది. మన కంప్యూటర్‌కు గూడ ఉన్నది. రెండిట్ని కలిపి చూద్దామా?”

“తెరే లేకపాయె. ఏం కనవడ్తది?”

“దాని తెర మనకెందుకు? అది చెప్పేది మన తెర మీదికొస్తది.”

జహీరాబాద్ నుంచి కేబుల్ తెప్పించింది. రెండు రోజులు కుస్తీ పట్టినా తెర మీద ఒక్క అక్షరం రాలేదు. మూడో రోజు యేసుబాబు ఆ కేబుల్ మూత విప్పి తీగలు చూశాడు.

“గీ పిన్నులల్ల మాట్లాడేదేది, వినేదేది?”

“మూడోది మాట్లాడ్తది. రెండోది వింటది.”

“మరి గిదేంది బిడ్డా, నోటికి నోరు కట్టిండ్రు. ఇగ వినేదెవరు?”

పాత ఫోన్ తీగ ముక్కలతో కొత్త కేబుల్ తనే చేశాడు. ఒకదాని నోరు ఇంకోదాని చెవికి పోయేలా రెండు తీగలను అడ్డంగా మార్చి అతికించాడు. అవతల మనిషి ఉన్నాడని పాత యంత్రం నమ్మాలంటే ఇంకో రెండు చోట్ల పిన్నులు కలపాలని క్రిస్టీనా ఇంటర్నెట్‌లో చదివి చెప్పింది. అవీ కలిపాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక కూర్చున్నారు. యేసుబాబు భార్య రిబ్కమ్మ పక్కనే చాటలో కందిపప్పు ఏరుతోంది. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే లోపల డిస్కు గిర్రున తిరిగి ఒకసారి కూత పెట్టింది.

“ఇప్పుడు తేదీ అడుగుతది, దాని తర్వాత టైం,” అంటూ ఆయన రెండుసార్లు ఎంటర్ నొక్కాడు. తర్వాత, కనిపించని తెర ముందు, మాటలన్నీ వైరులోకి పంపమనే ఆదేశం ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొట్టాడు.

లినక్స్ తెర మీద వంకర గుర్తులు వచ్చి పడ్డాయి.

“గది ఏం భాష?” అని అడిగింది రిబ్కమ్మ.

“మాట వస్తుంది అత్తమ్మా, వేగమే కలుస్తలేదు,” అంటూ క్రిస్టీనా వేగం తగ్గించింది. మూడో ప్రయత్నానికి, ఆదేశం కోసం ఎదురుచూసే డాస్ గుర్తు శుభ్రంగా కనిపించింది. యేసుబాబు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఫైళ్ల జాబితా అడిగితే డైరీ అందులోనే ఉంది.

వచ్చిందంతా కంప్యూటర్లో దాచుకునే ఏర్పాటు చేసి క్రిస్టీనా ఫైలు తెరిచింది. వరసలు మెల్లగా పైకి కదులుతుంటే చదవసాగింది.

“కంగ్టి. వీరప్ప ఫోన్ డెడ్. ఉడుత వైరు కొరికింది. టెస్ట్ కాల్, రి. మంచిగ వినవడ్డది... మనూర్. బర్రె పోలుకు రుద్దుకుంది, తీగ తెగింది. టెస్ట్ కాల్, రి. మంచిగ వినవడ్డది... మామా, అన్నిట్ల రి అని ఉన్నది. ఏందది?”

యేసుబాబు రిబ్కమ్మ వైపు ఒకసారి చూశాడు. లైను బాగయ్యాక స్తంభం మీది నుంచే ఏదో ఒక నంబరుకు చేసి చూడాలని, అది పద్ధతని వివరించాడు.

రిబ్కమ్మ చాట పక్కన పెట్టింది. “రోజు ఫోన్ చేసి వినవడ్తుందా, వినవడ్తుందా అంటుంటివి. నేను ఆఫీసు పని అనుకుంటి.”

“ఆఫీసు పనే. ఏ నంబరుకు చెయ్యాల్నో నా ఇష్టం.”

“ఒక్కనాడన్న చెప్పకపోతివి.”

“చెప్తే సిగ్గుపడి జల్దీ పెట్టేస్తుంటివి.”

ఆమె మళ్లీ చాట అందుకుంది గానీ, ఏరిన రాళ్లు పప్పులోనే పడేస్తోందని క్రిస్టీనా చూసింది.

ఆరేళ్ల డైరీ మొత్తం ఆ మధ్యాహ్నమే వచ్చేసింది. సెలవులు అయ్యేలోగా క్రిస్టీనా దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చి, ప్రింటు తీయించి పుస్తకంగా కుట్టించింది. అన్నాలయ్యాక రోజుకో పేజీ చదవమని రిబ్కమ్మ అడిగేది. విని ఊరుకునేది కాదు.

“ఆ దినం నేను ఇంట్ల లేకుంటి. ఫోన్ ఎత్తింది మా అక్క.”

యేసుబాబు పెన్సిల్ తీసి, అక్కడ ‘రి’ కొట్టేసి వాళ్లక్క పేరు రాసుకున్నాడు.